పీతలు గట్టెక్కిన రోజు: ఇందుకూరుపేట తీరంలో ఒక క్రీకు కేస్ స్టడీ

2023 డిసెంబరు 13, తెల్లవారుజామున అయిదు గంటలు. టార్చి పట్టుకుని రొయ్యల గుంటల మీదికి పోతుంటే క్రీకు (సముద్రపు పాయ) గట్టున ఒక యానాది అమ్మ బుట్టతో ఎదురైంది. "అయ్యా, ఈ పొద్దు పీతల కోసం బొరియల్లో చెయ్యి పెట్టే పనే లేదు. గట్టు మింద కూచోనుండాయి, ఏరుకోవడమే" అంది. బుట్ట నిండింది గాని ఆమె మొహంలో సంతోషం లేదు. "ఇట్టా పైకొచ్చినాయంటే రెండు మూడు నాళ్ళకు యేరు కంపు కొడతాది" అని కూడా అంది. టార్చి వేసి చూశాను. నీటి అంచు పొడవునా తడి బురద మీద మండపీతలు కదలకుండా కూర్చుని ఉన్నాయి. నోళ్ళ దగ్గర నురగ. కొయ్యంగ చేపపిల్లలు నీటి పైకి మూతులు ఆనించి గుటకలు వేస్తున్నాయి.

ఆ మాటను అక్కడే పట్టుకుని ఉంటే కొన్ని ఎకరాల పంటయినా మిగిలేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ తెల్లవారుజామున నా తలలో ఉన్నది వైరస్ ఒక్కటే. గుంటల్లో రొయ్యలు మేత తగ్గించి అప్పటికి రెండు రోజులైంది.

నేను ఈ ప్రాంతంలో చిన్న నీటి పరీక్షల ల్యాబు నడుపుతూ రొయ్యల రైతులకు సలహాలు చెబుతుంటాను. ఈ కేసు ఆరుగురు రైతుల 22 ఎకరాల వనామి రకం రొయ్యల గుంటలది. పెన్న ముఖద్వారానికి దక్షిణంగా, బకింగ్‌హాం కాలువతో కలుస్తూ సముద్రంలోకి పోయే ఒక చిన్న క్రీకే వాళ్ళందరికీ దిక్కు. నీళ్ళు తోడుకునేది అందులోంచే, పట్టుబడి అయ్యాక వదిలేదీ అందులోకే. పడమటి నుంచి వరి పొలాల మురుగు కాలువ ఒకటి వచ్చి అదే క్రీకులో కలుస్తుంది. ఈ చివరి సంగతి నాకు పదేళ్ళుగా తెలుసు. దాని అర్థం మాత్రం ఆ డిసెంబరులోనే తెలిసింది.

ఏం జరిగింది

మిచాంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రెండు రోజులు నెల్లూరు తీరం వెంబడే పైకి పాకడంతో మాకు గాలీ వానా తెరిపి లేకుండా కొట్టాయి. గట్లు తెగకుండా కాచుకున్నాం. కరెంటు పోయిన రాత్రుళ్ళు జనరేటర్లతో, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పాం. తుపాను పోయాక మబ్బు విడిచి ఎండ కాసింది. అందరం గండం గడిచిందనే అనుకున్నాం. గండం ఆ ఎండతోనే మొదలైంది.

9వ తేదీకల్లా క్రీకు నీళ్ళు రంగు మారాయి. తుపానుకు ముందు మా నీళ్ళు టీ డికాక్షన్ రంగులో ఉండేవి. రొయ్యల రైతు ఎవరైనా కోరుకునే రంగు అదే, డయాటమ్‌ల రంగు. గాజు లాంటి సిలికా పెంకు కట్టుకునే నాచు జాతి అది. రొయ్యపిల్లకూ, అది తినే చిన్న జీవాలకూ మంచి మేత. నాలుగు రోజుల్లో అది చిక్కటి పచ్చగా, గోరింటాకు రుబ్బి కలిపినట్టు తయారైంది. మైక్రోస్కోపు కింద పెడితే గొలుసుల్లా ఉండే డయాటమ్‌లు అక్కడక్కడే కనిపించాయి. మిగతాదంతా గుండ్రటి చిన్న పచ్చ కణాలు, వాటి మధ్య నీలాకుపచ్చ నాచు పోగులు.

11న, రొయ్యలు ఎంత తింటున్నాయో చూసే చెక్ ట్రేలలో మేత మిగిలింది. 12న కొన్ని రొయ్యలు చచ్చి అంచుకు వచ్చాయి, మొప్పలు నల్లబడి ఉన్నాయి. ఒక రైతు ఫోను చేసి "సార్, తెల్లమచ్చే వొచ్చిందంటారా? పట్టేద్దామా?" అన్నాడు. శాంపిళ్ళు పీసీఆర్ అనే రోగ నిర్ధారణ పరీక్షకు పంపాం. తెల్లమచ్చ వైరస్ లేదు, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి లేదు. ఈలోగా నీరు బాగుచేయడానికని జియోలైటు, ప్రోబయాటిక్, బెల్లం అంటూ బస్తాలకు బస్తాలు గుంటల్లో పడ్డాయి. ఆ చీటీలో కొన్ని నేను రాసినవే.

అంతకంటే పెద్ద తప్పు 13 రాత్రి చేశాను. గుంటల్లో నీళ్ళు చిక్కబడ్డాయి కదా అని, పోటు సమయంలో క్రీకు నుంచి కొత్త నీళ్ళు తోడి కొంత మార్చమన్నాను. పాత పాఠం అది, నీరు చెడితే నీరు మార్చు. రాత్రి పదకొండుకు మోటార్లు వేశారు. 14 తెల్లవారేసరికి మూడు గుంటల్లో రొయ్యలు గుంపులుగా పైకి తేలి గట్టు వెంట తిరుగుతున్నాయి. నాలుగున్నరకు డీవో మీటరు (నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపేది) 1.6 చూపించింది. వనామికి 4 దిగితేనే మేం కంగారు పడతాం. ఆరు రోజుల్లో 9 ఎకరాల పంటను 80 కౌంటుకే (కిలోకు 80 రొయ్యలు) పట్టేశారు. ఇంకో నెల ఆగాల్సిన పంట అది.

క్రీకులోకి కేబుల్ దించాక

15న పడవ అడిగి తీసుకుని క్రీకు మధ్యకు పోయాను. అంతవరకు గట్టున నిలబడి బకెట్టుతో ముంచిన నీళ్ళే పరీక్ష చేసేవాణ్ణి. ఈసారి మీటరు కేబుల్‌ను అడుగుఅడుగుగా దించాను. పైన ఉప్పదనం 6 పీపీటీ (వెయ్యి వంతుల్లో ఆరు). నాలుగు అడుగుల కింద 11. అడుగున 19. మంచినీళ్ళు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద పొరలా తేలి ఉన్నాయి, గాలి లేని రోజులు కావడంతో కలవలేదు. పైపొరలో మధ్యాహ్నం మూడింటికి డీవో 12 దాటింది, పీహెచ్ (నీటి క్షారగుణం కొలత) 9.1. అదే గంటలో అడుగున డీవో 0.8. కేబుల్ పైకి లాగితే చివర అంటుకున్న నల్ల బురద కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొట్టింది. యానాది అమ్మ చెప్పిన కంపు ఇదే. ఆక్సిజన్ అయిపోయాక బురదలోని బాక్టీరియా సల్ఫేటుతో బతుకుతుంది, అప్పుడు పుట్టేదే ఈ హైడ్రోజన్ సల్ఫైడ్. పీతలకు ఆ సంగతి నాకంటే రెండు రోజుల ముందే తెలిసింది.

నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తానూ పీల్చుకుంటుంది. పలచగా ఉన్నప్పుడు ఈ జమాఖర్చు సరిపోతుంది. చిక్కబడితే పగలు నీరు పట్టనంత పుడుతుంది, తెల్లవారేసరికి నిల్వ ఖాళీ అవుతుంది. ఎండ తగలని కింది కణాలు చచ్చి అడుగుకు రాలి, కుళ్ళడానికి మళ్ళీ ఆక్సిజనే లాగుతాయి. రాత్రి పదకొండుకు మేం గుంటల్లోకి తోడుకున్నది, ఊపిరాడక సగం చచ్చిన నీళ్ళు.

పీహెచ్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే రైతులు అమోనియా అంకె చూసి ధైర్యపడుతుంటారు. టెస్ట్ కిట్టు చూపించేది మొత్తం అమోనియా. అందులో రొయ్యను చంపే భాగం పీహెచ్‌తో పాటు పెరుగుతుంది. మంచినీటి లెక్కలో 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 8 ఉంటే ఆ భాగం 7 శాతం పైచిలుకు. పీహెచ్ 9 అయితే 45 శాతానికి దగ్గర. ఉప్పునీటిలో కాస్త తక్కువ. నాచు చిక్కబడి మధ్యాహ్నం పీహెచ్ ఎక్కినప్పుడు ఉదయం భద్రంగా కనిపించిన అంకే విషమవుతుంది.

ఎరువు ఎవరిది?

గుంటల గట్టున ఈ ప్రశ్న లేస్తే వేళ్ళు ఎప్పుడూ అవతలి వాళ్ళ వైపే పోతాయి. రొయ్యల వాళ్ళు వరి వాళ్ళను అంటారు, వరి వాళ్ళు రొయ్యల వాళ్ళను అంటారు. నేను కాగితం మీద లెక్క వేసి ఇద్దరికీ చూపించాను.

ముందు మాది. టన్ను రొయ్యలు తీయడానికి సుమారు టన్నున్నర మేత వేస్తాం. 35 శాతం ప్రొటీన్ ఉన్న మేతలో నత్రజని 5.6 శాతం, అంటే టన్నున్నరలో 84 కిలోలు. పట్టిన టన్ను రొయ్యల ఒంట్లో బయటికి పోయేది 30 కిలోల లోపు. మిగిలిన 55 కిలోల దాకా నీటిలోనూ బురదలోనూ ఉండిపోతుంది, కొంత గాలిలోకి పోతుంది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలు. అంటే ప్రతి టన్ను రొయ్యకూ రెండున్నర బస్తాలకు పైగా యూరియా నీళ్ళలో కలిపినట్టే. భాస్వరం ఇంకా ఘోరం, మేతలో ఉన్నదాంట్లో రొయ్యకు వంటబట్టేది చాలా కొంచెం. ఈ లెక్క విన్న ఒక పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "అబ్బయా, పట్టుబడి రోజు మనం తూము ఎత్తినప్పుడల్లా ఇంతా యేట్లోకి పోతుండాదా?" అన్నాడు. అంతా కాదుగాని చివరి అడుగున్నర నీళ్ళతో చాలా భాగం పోతుందని చెప్పాను.

ఇక వరి. చల్లిన యూరియాలో పైరు తీసుకునేది 30 నుంచి 40 శాతమే. మిగిలింది గాలిలోకి, భూమిలోకి, మురుగు కాలువలోకి. మా దగ్గర పెద్ద పంటకు నాట్లు పడేది నవంబరు, డిసెంబరు నెలల్లో. దుక్కిలో డీఏపీ, నాటిన కొద్ది రోజులకు మొదటి యూరియా. ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు వచ్చేదీ సరిగ్గా అప్పుడే. మిచాంగ్‌కు ముందు వారం యూరియా చల్లిన మళ్ళు మా మురుగు కాలువ వెంట ఎన్నో ఉన్నాయి. మడి మునగకుండా రైతు గట్టు కొట్టి నీళ్ళు వదిలాడు. అది తప్పనలేం, పైరు కుళ్ళిపోతుంటే ఎవరైనా అదే చేస్తారు. ఆ నీళ్ళు రెండు రోజుల్లో క్రీకుకు చేరాయి.

వాతావరణం మారినందుకు ఏం మారింది

ఈ రెండు రకాల ఎరువులూ మా తీరానికి కొత్త కాదు. టైగర్ రొయ్య రోజుల నుంచీ, అంటే తొంభైల నుంచీ గుంటలున్నాయి, యూరియా అంతకంటే ముందు నుంచీ ఉంది. మరి ఇలాంటి దెబ్బ అప్పట్లో అరుదుగానే ఎందుకు తగిలింది? అప్పట్లోనూ తుపాన్లు వచ్చాయి, గుంటలు మునిగాయి. కానీ పాత రైతులను అడిగితే వాన తరువాత ఎండ కాసిన వారంలో నీళ్ళు చెడడం ఇంత తరచుగా చూడలేదంటారు. నాకున్న అవగాహనలో కారణాలు మూడు కలిసి వస్తున్నాయి.

మొదటిది వాన తీరు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. వేడి సముద్రం ఆ తేమను అందిస్తుంది. అందువల్ల నెలంతా పరుచుకుని కురవాల్సిన వాన రెండు మూడు రోజుల్లో కుమ్మరిస్తోంది. మెల్లగా కురిసే వానలో నత్రజని కొంత మట్టిలో ఇంకుతుంది, కొంత కాలువ గడ్డి తీసుకుంటుంది. కుమ్మరించే వానలో వీటికి వ్యవధి ఉండదు, పొలం మీద ఉన్నదంతా ఒక్కసారిగా క్రీకులో పడుతుంది. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోవడం నెల్లూరు వాళ్ళెవరూ మరిచిపోరు. అప్పుడు కట్టనూ ఇళ్ళనూ చూశాం, నీళ్ళతో పాటు సముద్రానికి పోయిన ఎరువును ఎవరం లెక్కపెట్టలేదు.

రెండోది పొరలు. బంగాళాఖాతం ఏనాటి నుంచో పైన మంచినీటి మూత ఉన్న సముద్రమే. గంగా బ్రహ్మపుత్రల నుంచి మన గోదావరి, కృష్ణల దాకా అందులోకే పోస్తాయి. దాని మధ్యపొరల్లో ఆక్సిజన్ సహజంగానే చాలా తక్కువ. ఆ మూత కింది పోషకాలను పైకి రానివ్వదు కాబట్టి తీరం దగ్గర నాచు పెరగడంలో నేల మీది నుంచి వచ్చే ఎరువు పాత్ర ఎక్కువవుతుంది. పైపొర వేడెక్కే కొద్దీ కింది నీటికీ పై నీటికీ బరువు తేడా పెరిగి కలవడం ఇంకా కష్టమవుతుంది. మా క్రీకులో నాలుగు రోజులు చూసింది ఆ పెద్ద బొమ్మకు చిన్న నకలు.

మూడోది నేరుగా వేడి. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ పట్టి ఉంచుతాయి, 33 దగ్గర 7 పైచిలుకు మాత్రమే. ఉప్పు కలిస్తే ఇంకా తగ్గుతుంది. నీరు పట్టుకునేది తగ్గుతుంటే, అందులోని బాక్టీరియా, నాచు, రొయ్య పీల్చుకునేది వేడితో పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపు. 1960 నుంచి ప్రపంచ సముద్రాలు తమ ఆక్సిజన్‌లో సుమారు 2 శాతం పోగొట్టుకున్నాయని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. నీలాకుపచ్చ నాచుకు మాత్రం వేడంటే ఇష్టం, 25 డిగ్రీలు దాటాక డయాటమ్‌లు వెనకబడే చోట అది ముందుకు దూసుకుపోతుంది. పైగా డయాటమ్‌కు సిలికా కావాలి. సిలికా నదుల ద్వారానే వస్తుంది, ఆనకట్టలు దాన్ని కొంత ఆపేస్తాయి. యూరియాలో సిలికా లేదు. మా టీ రంగు నీళ్ళు ఎందుకు పచ్చబడ్డాయో ఇక్కడ అర్థమవుతుంది.

ఈ మూడింటి వెనక ఇంకో సంగతి దాగి ఉంది, నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. బురదలో భాస్వరం ఇనుముతో కట్టుబడి ఉంటుంది. అడుగున ఆక్సిజన్ ఉన్నంతకాలం ఆ కట్టు విడవదు. ఆక్సిజన్ పోగానే ఇనుము రూపు మారి భాస్వరం నీటిలోకి విడుదలవుతుంది. అంటే ఒక్కసారి అడుగు ఊపిరి ఆగితే, కొత్తగా ఎవరూ ఏమీ వేయకపోయినా ఇరవై ఏళ్ళ పాత ఎరువు మళ్ళీ నాచుకు మేతవుతుంది.

రోహిణీ కార్తెలో రెండో దెబ్బ

అది 2024 మే చివర చూశాం. వాన చుక్క లేదు, మురుగు కాలువ ఎండిపోయింది, పొలాల నుంచి వచ్చేదేమీ లేదు. పెన్నలో పారకం లేక, అల తెచ్చిన ఇసుకతో క్రీకు మొగ సగం పూడింది. పోటు లోపలికి రావడం తగ్గింది. మధ్యాహ్నం నీరు 33.5 డిగ్రీలు. అడుగు నాచు దుప్పటిలా లేచి, బుడగలతో తేలి, గాలి వాలుకు గట్టుకు చేరింది. డిసెంబరులో ఎరువు వచ్చిందని చెప్పగలిగాను. మేలో బయటి నుంచి వచ్చింది ఏమీ లేదు, బురదలో ఉన్నదే లేచింది. ఆ పంటలో చావులు తక్కువ. కానీ రొయ్యలు మట్టి వాసన వచ్చాయని కొనేవాళ్ళు రేటు కోశారు.

ఏం చేశాం

జూన్‌లో ఆరుగురినీ ఒక షెడ్డు కింద కూర్చోబెట్టాను. కష్టమైన మాట ముందే చెప్పాను, 22 ఎకరాల్లో 4 ఎకరాలు పంట వేయకూడదు. మూడు ఎకరాలు నీళ్ళు నిల్వ చేసుకునే గుంట, ఒక ఎకరం బయటికి పోయే నీళ్ళు తేరుకునే గుంట. లీజు కట్టే భూమిని ఖాళీగా ఉంచమంటే ఎవరికైనా మనసొప్పదు. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధనల్లో 5 హెక్టార్లు దాటిన ఫారాలకు మురుగు శుద్ధి ఏర్పాటు తప్పనిసరి. మా రైతుల్లో ఏ ఒక్కరికీ అంత లేదు కాబట్టి ఎవరికి వారు తప్పించుకోవచ్చు. ఆరుగురివీ కలిపితే 22 ఎకరాలు, అంటే దాదాపు 9 హెక్టార్లు. క్రీకు చూసేది ఆ మొత్తాన్నే. రెండు వారాలు పట్టింది ఒప్పించడానికి. డిసెంబరులో పంట పోయిన ఇద్దరే ముందు తలూపారు.

నిల్వ గుంటను అక్టోబరు మొదట్లో, క్రీకు ఉప్పగా, శుభ్రంగా ఉన్నప్పుడే నింపుకున్నాం. పెద్ద వాన హెచ్చరిక వస్తే మోటార్లు ఆగాలి, వాన వెలిసి ఎండ కాసిన రోజు నుంచి పది రోజులు క్రీకు నీళ్ళు ముట్టకూడదు. ఆ తరువాత కూడా తోడేది పోటు నిండిన గంటలో, నడి లోతు నుంచి. రాత్రి తోడడం పూర్తిగా బంద్. తేరుకునే గుంటలో కొయ్యంగలు వదిలాం, చుట్టూ ఉప్పాకు పెరగనిచ్చాం. పట్టుబడి చివరి నీళ్ళు అందులో కనీసం ఐదు రోజులు ఆగితేగాని తూము ఎత్తడం లేదు. బురదను క్రీకులోకి కడిగే అలవాటు మాన్పించి ఎండబెట్టి గట్ల మీదికి ఎత్తిస్తున్నాం. మబ్బు రోజుల్లో మేత సగం. ఇది అందరికీ తెలిసిన మాటే, పాటించింది మాత్రం ఈసారే.

రోజూ తెల్లవారుజామున అయిదింటికి ఒక కుర్రవాడు క్రీకులో రెండు లోతుల్లో డీవో, ఉప్పదనం చూసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. నీరు ఎంత చిక్కగా ఉందో చూసే సెక్కి డిస్కు మధ్యాహ్నం. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు ఉపగ్రహాల నుంచి సముద్రంలో నాచు విజృంభణ సమాచారం ఇస్తున్నారు. అది కడలి సంగతి తెలుసుకోవడానికి పనికొస్తుంది. మా క్రీకు లాంటి సన్నటి నీటికి మాత్రం కేబుల్ దించడమే దారి. ఆ యానాది అమ్మ నంబరు కూడా మా దగ్గర ఉంది. పీతలు కనపడితే ఫోను చేస్తుంది.

వరి రైతులతో మాట్లాడటం ఇంత సులువుగా సాగలేదు. మొదటి యూరియాను వాన సూచన ఉంటే వారం వాయిదా వేయమని, చల్లాక నాలుగైదు రోజులు మడి నీళ్ళు వదలొద్దని అడిగాను. "వారం ఆగితే బస్తా దొరకదు సార్" అన్నాడు ఒకాయన. అది నిజం. నేను జవాబు చెప్పలేకపోయాను. కొందరు మడి కట్టి ఉంచడానికి ఒప్పుకున్నారు, అంతవరకే.

2024 పంట

అక్టోబరు 17న వాయుగుండం చెన్నైకి ఉత్తరాన తీరం దాటింది. మోటార్లు ఆపాం. వాన మేం భయపడినంత లేదు, దాన్ని పరీక్ష కింద లెక్కపెట్టను. నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం తాకింది, మాకు వరసగా వానలు పడ్డాయి. మబ్బు విడిచాక ఎనిమిదో రోజు తెల్లవారుజామున క్రీకు పైన డీవో 3.4, అడుగున 1.9. నీళ్ళు పచ్చబడ్డాయి. గుంటల్లో నిల్వ నీరే వాడాం. అన్ని గుంటల్లోనూ అయిదింటికి 4 పైనే నిలిచింది. అత్యవసరంగా పట్టిన గుంట ఒక్కటీ లేదు. ఒక్క పంటతో గెలిచామని చెప్పను. మిచాంగ్ అంత వాన మా మీద పడలేదు.

క్రీకు అడుగు బురద అలాగే ఉంది. మొగ పూడిక తీయడం మా ఆరుగురి చేతిలో పని కాదు. మా చేతిలో ఉన్నది మురుగు కాలువ క్రీకులో కలిసే చోటి పాత తూము. దానికి చెక్కలు లేవు, ఎప్పుడో కుళ్ళిపోయాయి. చెక్కలు దించగలిగితే చిన్నపాటి వానల తరువాత కాలువ నీటిని మూడు నాలుగు రోజులు పైన ఆపి, తుంగ, నాచు కొంత నత్రజని తినేదాకా ఉంచవచ్చు. పెద్ద వరద వస్తే ఎత్తేయాలి, లేకపోతే పై పొలాలు మునుగుతాయి. తాళం ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీదే వాదన ఆగింది. చివరికి ఒక తాళంచెవి వరి రైతుల దగ్గర, ఒకటి మా దగ్గర అని తేలింది. చెక్కల కొలతలు తీసుకున్నాం. నాట్లకు ముందే దించాలి.